కరెంటు పెట్టేముందు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

క్యాన్సర్ రోగులకు ఇచ్చే రేడియేషన్ చికిత్సను మన వూళ్లలో ‘కరెంటు పెట్టటం’ అంటారు. ఆసుపత్రి కాయితాల్లో రేడియోథెరపీ అని వుంటుంది. మనిషి నోట్లో మాత్రం కరెంటే. ఈ మాట విని నవ్వే డాక్టర్లను చూశాం. నవ్వాల్సిన పనిలేదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే మెషిన్ కరెంటుతోనే కిరణాల్ని తయారు చేస్తుంది కాబట్టి మాట మరీ తప్పు కూడా కాదు. కాకపోతే ఆ మాట వెంట కొన్ని భయాలు వస్తాయి. షాక్ కొడుతుందా? ఒళ్లు కాలిపోతుందా? మధ్యలో కరెంటు పోతే అది లోపలే వుండిపోతుందా? ఈ చివరి ప్రశ్న ఒక వ్యవసాయ కూలీ మమ్మల్ని అడిగింది. దీనికి జవాబు చాలా తేలిక. కరెంటు పోతే కిరణాలు ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు, కరెంటు వచ్చాక మిగిలిన నిమిషం పూర్తి చేస్తారు. అప్పటికి ఆమెకు పన్నెండు సిట్టింగులు అయ్యాయి. పన్నెండు రోజులూ ఆమె ఆ భయంతోనే బల్లమీద పడుకుంది. ఒక్కరూ ఆమెను ‘నీకేమైనా అనుమానం వుందా’ అని అడగలేదు.

భూమి, రిజర్వేషన్లు, ఆత్మగౌరవం గురించి రాసుకునే పత్రికలో ఈ కరెంటు గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. మన దేశంలో 2022లో కొత్తగా సుమారు లక్షా 27 వేలమంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిందనీ, దాదాపు 80 వేలమంది చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. ఇది పేద స్త్రీల జబ్బు. చిన్న వయసులో పెళ్లి, పరీక్షలకు నోచుకోకపోవటం, తెల్లబట్ట అవుతున్నా ముట్లుడిగాక రక్తం కనపడినా ఎవరికీ చెప్పుకోలేకపోవటం దీని వెనక వుంటాయి. ఆలస్యంగా ఆసుపత్రికి చేరిన స్త్రీకి ఆపరేషన్ కుదరదు, రేడియేషనే ప్రధాన చికిత్స అవుతుంది. నోటి క్యాన్సర్ సంగతీ అంతే. గుట్కా, ఖైనీ, చుట్ట ఎవరి చేతుల్లో ఎక్కువ వున్నాయో మనకు తెలుసు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిట్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతూనే వున్నారు. కాబట్టి రేడియేషన్ గది ముందు బెంచీమీద కూర్చునేవాళ్లలో మనవాళ్లు చాలామంది. అక్కడ వాళ్లకు ఏం చెబుతున్నారు, ఏ భాషలో చెబుతున్నారు అనేది మన ప్రశ్నే.

వైద్యవిద్యలో దీనికి ‘పేషెంట్ ఎడ్యుకేషన్’ అని పేరు. దాన్ని ఒక్కొక్క మనిషికి తగ్గట్టు మలచటాన్ని ‘టైలరింగ్’ అంటారు. మాట మన వీధి చివర దర్జీ దగ్గర నుంచి వచ్చిందే. రెడీమేడ్ చొక్కా వుంటుంది, కొలత తీసి కుట్టిన చొక్కా వుంటుంది. మన ఆసుపత్రుల్లో ఇచ్చే కరపత్రాలన్నీ రెడీమేడ్ సరుకు. పైగా ఆ కొలత ఎవరిదో చూడండి. ‘వదులుగా వుండే నూలు దుస్తులు ధరించండి. ఎండలో తిరగవద్దు. తగినంత విశ్రాంతి తీసుకోండి. పండ్లరసాలు, బాదంపప్పు, పాలు తీసుకోండి.’ ఇంట్లో ఫ్రిజ్, అటాచ్డ్ బాత్‌రూమ్, నెలజీతం వున్న మనిషి కొలత ఇది. ఇరవై ఐదు రోజులు కూలి పోగొట్టుకుని ఆసుపత్రి వరండాలో చాప వేసుకున్న మనిషికి దీంట్లో ఒక్క వాక్యమైనా పనికొస్తుందా?

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. మనిషికి తగ్గట్టు చెప్పటమంటే కులానికి తగ్గట్టు చెప్పటం కాదు. మాలమాదిగలకు బొమ్మల పుస్తకం, మిగతావాళ్లకు అక్షరాల పుస్తకం అని ఎవరైనా మొదలుపెడితే అది ఆసుపత్రిలో కొత్త వెలివాడ అవుతుంది. మాదిగ గూడెం నుంచి వచ్చిన ఎమ్మే చదివిన టీచరు వుంటుంది, చదువురాని కమతగాడు రెడ్డి వుంటాడు. గుంపును చూసి సైజు నిర్ణయించటం కూడా రెడీమేడ్ వ్యాపారమే. కొలత తీయటమంటే అడగటం. ఎక్కడినుంచి వస్తున్నావు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నావు, ఏం తింటున్నావు, ఎవరు తోడున్నారు, చదవగలవా, వినగలవా, దేనికి భయపడుతున్నావు. అడిగాక చెప్పాలి. చెప్పాక, ఆమె ఏం అర్థం చేసుకుందో ఆమెచేతే తిరిగి చెప్పించుకోవాలి. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా అవుననే తలూపుతారు. దొర ముందు తలూపటం మనకు తరతరాల అలవాటు. ‘ఇంటికెళ్లాక మీ ఆయన అడిగితే ఏం చెబుతావమ్మా?’ అంటే అసలు సంగతి బయటపడుతుంది.

అంటు

మేము చూసినవాటిలో మమ్మల్ని ఎక్కువ కలచివేసింది గ్లాసు. కరెంటు పెట్టించుకుంటున్న ఒక నడివయసు స్త్రీకి ఇంట్లో గ్లాసు, కంచం, చాప వేరు చేశారు. మనవణ్ణి దగ్గరికి రానివ్వటం లేదు. చేసింది కోడలు, ఆమెదీ అదే వాడ. టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన వూరు అది. ‘బయట మన గ్లాసు వేరుగా పెడితే కొట్లాడినం. ఇప్పుడు నా ఇంట్లోనే నాకు వేరు గ్లాసు’ అందామె. కోడలిది దుర్మార్గం కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పింది కూడా ఎలా చెప్పారు? ‘ఇది అంటువ్యాధి కాదు’ అని కరపత్రంలో ఒక ముక్క వుంది. జబ్బు అంటదని మాత్రమే దాని అర్థం. ‘జబ్బు అంటదు సరే, ఒంట్లోకి పెట్టిన కరెంటు అంటదా?’ అనేది కోడలి అనుమానం. దానికి కరపత్రంలో జవాబు లేదు.

తెలుగులో ఈ మాటల్ని ఒకసారి పరిశీలించండి. అంటు అంటే రోగం, అంటు అంటే మైల, అంటరానివాళ్లు మనం. ముట్టు అంటే నెలసరి, ముట్టుకోవటం అంటే తాకటం. గర్భసంచి జబ్బుతో రక్తస్రావం అవుతున్న దళిత స్త్రీ మీద ఈ అర్థాలన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. అందుకని ‘అంటువ్యాధి కాదు’ అనే పొడి వాక్యం ఆమె దగ్గర చాలదు. విప్పి చెప్పాలి. బయటినుంచి పెట్టే కిరణాలు టార్చిలైటు లాంటివి. గోడమీద టార్చి వేసి ఆర్పేస్తే గోడలో వెలుతురు మిగలదు, మనిషి ఒంట్లోనూ కిరణం మిగలదు. గది బయటికి వచ్చిన క్షణం నుంచి బిడ్డను ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు, పక్కన పడుకోవచ్చు. గర్భసంచి జబ్బుకు తర్వాత ‘లోపలి కరెంటు’ పెడతారు. సన్నని గొట్టాలు అమర్చి, వాటిగుండా ఇరీడియం ముక్కను కొద్ది నిమిషాలు లోపలికి పంపి మళ్లీ వెనక్కి పెట్టెలోకి లాగేస్తారు. ఆ నిమిషాల్లో గదిలో ఆమె ఒక్కతే వుండాలి. డాక్టరు, నర్సు, తోడొచ్చిన చెల్లెలు అందరూ బయటికి పోయి తలుపు వేస్తారు. ఎందుకు పోయారో ముందే చెప్పకపోతే, జీవితమంతా ఎడంగా నిలబడ్డ మనిషి ఆ తలుపు మూతను ఎలా అర్థం చేసుకుంటుందో వూహించండి. డాక్టరు, నర్సు రోజూ ఎంతోమందికి పెడతారు కాబట్టి కొంచెం కొంచెంగా వాళ్ల ఒంట్లో కిరణాల దెబ్బ పేరుకుంటుందనీ, చెల్లెలికైతే జబ్బే లేదు కాబట్టి ఆ కిరణం ఆమెకు ఒక్కసారైనా అనవసరమనీ, అందుకే బయట వుంటారు తప్ప నిన్ను చూసి కాదనీ చెప్పటానికి అర నిమిషం పడుతుంది.

అయితే ఎవరికీ ఏ దూరమూ అక్కర్లేదని అందరికీ ఒకే మాట చెప్పినా తప్పే. థైరాయిడ్ క్యాన్సర్‌కు మందుగా మింగించే రేడియో అయోడిన్ కొన్నాళ్లు ఒంట్లో వుంటుంది. ఆ రోగులు కొద్దిరోజులు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా వుండాల్సిందే. ఎవరికి ఏది వర్తిస్తుందో విడదీసి చెప్పటం కూడా కొలత తీయటంలో భాగమే.

పరారీ

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు మామూలుగా వారానికి అయిదురోజుల చొప్పున ఇరవై అయిదు సిట్టింగులు బయటి కరెంటు పెడతారు. వారానికోసారి సెలైన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత లోపలి కరెంటు మూడు నాలుగుసార్లు. అన్నీ కలిపి ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలి. ఆలస్యమైనకొద్దీ జబ్బు లొంగే అవకాశం తగ్గుతుంది. ఇది రేడియేషన్ శాస్త్రంలో బాగా రుజువైన సంగతి.

రెండు మూడు వారాలు గడిచేసరికి చాలామందికి రక్తం ఆగిపోతుంది, నొప్పి తగ్గుతుంది. మనిషికి ప్రాణం లేచొస్తుంది. అప్పుడే వూళ్లో పత్తి ఏరే రోజులు మొదలవుతాయి. అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ కబురు పంపుతాడు. ‘తగ్గింది కదా, పోయొస్తా’ అని వెళుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ రక్తంతో వస్తుంది. ఫైలుమీద ఇంగ్లీషులో ‘అబ్‌స్కాండెడ్’ అని రాసి వుంటుంది. పరారీ అని అర్థం. పారిపోయిన ముద్దాయికి వాడే మాట ఇది. కూలికి పోయిన స్త్రీ ముద్దాయి ఎలా అయింది? తగ్గినట్టు కనిపిస్తుందనీ, అది తగ్గటం కాదనీ ఆమెకు మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?

ఈ విషయం ఆమెకు అర్థం కానంత కష్టమైంది కాదు. ఒక్కరోజే మొత్తం కరెంటు ఎందుకు పెట్టరు? పెడితే క్యాన్సర్‌తో పాటు పక్కనున్న మంచి కండ కూడా చస్తుంది. రోజుకు కొంచెం పెడితే రాత్రికి మంచి కండ తేరుకుంటుంది, చెడ్డది అంతగా తేరుకోలేదు. మధ్యలో ఆపేస్తే మిగిలిన చెడ్డ కణాలు మునుపటికంటే వేగంగా పెరుగుతాయి. కలుపు తీసే స్త్రీకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పైకి కోసేసి వేరు వదిలేస్తే, సగం చేను తీసి సగం వదిలేస్తే ఏమవుతుందో ఆమెనే అడగండి. ఆమే చెబుతుంది. మేము కొందరితో ఇలా మాట్లాడాం. ‘అట్లయితే మొదలే చెప్పొద్దా, నాట్లు అయినంక వచ్చేదాన్ని’ అందొకామె. అంటే ఆమె చికిత్సను పనుల క్యాలెండర్‌తో కలిపి లెక్క వేసుకోగలదు. ఆ లెక్కకు కావలసిన అంకె ఆమెకు ఇవ్వలేదు, అంతే. నాట్ల దాకా ఆగటం మంచిదా కాదా అనేది డాక్టరూ ఆమే కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. ఆ కూర్చోవటమే జరగటం లేదు.

డబ్బు సంగతీ చదువులో భాగమే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో రేడియేషన్ వుంది. పోగొట్టుకున్న కూలి ఆ ప్యాకేజీలో లేదు. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్ తరగతి చార్జీ లేదు, తోడు వెళ్లేవాళ్లకూ రాయితీ వుంది. దానికి ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఇది తెలియక టికెట్ల కోసం అప్పు చేసినవాళ్లున్నారు. శరీరం గురించి చెప్పేవాళ్లు దీని గురించి చెప్పరు, ఇది వాళ్ల సబ్జెక్టు కాదట.

నీళ్లు, తిండి

కడుపు కింద కరెంటు పెట్టేటప్పుడు చాలాచోట్ల ఒక పద్ధతి వుంటుంది. ముందు ఒంటేలుకు పోయి, తర్వాత అర లీటరు దాకా నీళ్లు తాగి, అరగంటో ముప్పావుగంటో ఆగి, నిండిన మూత్రసంచితో బల్లమీద పడుకోవాలి. నిండిన సంచి పేగుల్ని పైకి నెడుతుంది కాబట్టి పేగులకు దెబ్బ తక్కువ తగులుతుంది. కారణం ఇంతే. ‘నీళ్లు తాగి రా’ అని మాత్రమే చెబుతారు, ఎందుకో చెప్పరు. పొలాల్లో, రోడ్డుపనుల్లో చాటులేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా బిగబట్టుకోవటం మన స్త్రీలు చిన్నప్పటినుంచి నేర్చుకున్న విద్య. క్యూ ఎప్పుడు కదులుతుందో తెలియదు, మరుగుదొడ్డి రెండంతస్తుల కింద వుంటుంది, తాళం వేసి వుంటుంది. ఆమె నీళ్లు తాగదు, తాగానని అబద్ధం చెబుతుంది. రెండు వారాలకు నీళ్ల విరేచనాలు, ఒంటేలులో మంట ఎక్కువవుతాయి. అప్పుడు ‘వీళ్లు చెప్పింది వినరు’ అంటారు. ఇక్కడ మార్చాల్సింది ఆమె బుర్రను కాదు. తాళం తీయాలి, వంతు ఎప్పుడో ముందే చెప్పాలి.

తిండి దగ్గర మన దేశపు సంగతంతా బయటపడుతుంది. రేడియేషన్ నడిచేటప్పుడు కండ కరగకుండా వుండటానికి మాంసకృత్తులు కావాలి. గోడమీద చార్టులో పాలు, పనీరు, పప్పు, బాదం, మొలకలు వుంటాయి. కాస్త వుదారంగా వుంటే గుడ్డు, చేప. మనకు అన్నిటికంటే చవగ్గా దొరికే మాంసం పెద్దకూర. ఏ చార్టులోనూ మేము దాన్ని చూడలేదు. ‘తినొచ్చా సార్’ అని అడగటానికి మనవాళ్లకు నోరు రాదు, అడిగితే ముఖం ఎలా పెడతారో తెలుసు కాబట్టి. దాంతో తినేది మానేస్తారు, చార్టులో వున్నది కొనలేరు, గొడ్డుకారం అన్నంతో రోజులు గడుపుతారు. మెత్తగా వుడికించి, కారం తగ్గించి తింటే ఆ కూర మిగతా మాంసాల్లాగే పనిచేస్తుంది. డాక్టరు ప్రత్యేక కారణంతో వద్దంటే తప్ప మానాల్సిన పనిలేదు. ఇంతమాత్రం చార్టులో రాయటానికి ఏం అడ్డమో వైద్యశాస్త్రంలో మాకైతే కనిపించలేదు. విరేచనాలు అవుతుంటే జావ, పలచని మజ్జిగ, గంజి. ఇవి మన ఇళ్లలో వున్నవే, బాదంపప్పు కోసం అప్పు చేయనక్కర్లేదు.

నోటికి, గొంతుకు కరెంటు పెట్టేవాళ్లకు ఆరేడు వారాలు పడుతుంది. నోరు పూస్తుంది, లాలాజలం ఎండుతుంది, రుచి పోతుంది. పాడైన పళ్లు మొదలుపెట్టకముందే తీయించుకోవాలి. తర్వాత తీయిస్తే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం వుంది. ఆ తర్వాత జీవితంలో ఎప్పుడు పన్ను తీయించుకోవాలన్నా ‘నాకు కరెంటు పెట్టారు’ అని పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి. నోరు పుక్కిలించటానికి షాపులో బాటిల్ అక్కర్లేదు, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు తినేసోడా చాలు. ముఖానికి బిగించే ప్లాస్టిక్ ముసుగును ముందురోజే చేతికిచ్చి చూడనిస్తే భయం సగం పోతుంది.

ఒంటిమీద గుర్తుగా పెట్టే చుక్కల గురించి కూడా చెప్పాలి. ఇంకుతో గీసిన గీతలు చెరిగిపోతాయని నెలరోజులు స్నానం మానేసిన స్త్రీలను చూశాం. వాసన వస్తోందని పక్కనవాళ్లు జరిగి కూర్చుంటారు. గీతలున్నచోట రుద్దకుండా నీళ్లు పోసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. కొన్నిచోట్ల చెరిగిపోని చిన్న చుక్క పొడుస్తారు. ‘పర్మనెంట్ టాటూ’ అని చెబితే బెదిరిపోయిన ముసలమ్మకు ‘పచ్చబొట్టు చుక్క’ అనగానే అర్థమైంది. తన చెయ్యంతా చూపించి నవ్వింది.

ఎవరికి చెబుతున్నారు?

నువ్వు, మీరు అనే దగ్గరే చదువు మొదలవుతుంది. తెలంగాణ పల్లెల్లో నువ్వు అనటం తప్పు కాదు, ప్రేమగానే అంటారు. కానీ పక్కన ప్యాంటు షర్టు వేసుకున్నాయన్ను మీరు అని, ఆయన తల్లి వయసున్న కూలిమనిషిని నువ్వు అంటే అది యాస కాదు. ‘చెప్తే అర్థం కాదు నీకు’ అనే మాట కూడా ఆ నువ్వు వెనకే వస్తుంది. చాలాసార్లు ఆమెకు చెప్పనే చెప్పరు, కొడుక్కో మరిదికో చెబుతారు. జబ్బు పేరు దాచమని ఇంట్లోవాళ్లే అడుగుతారు. వేలిముద్ర మాత్రం ఆమెదే తీసుకుంటారు.

ఈ వేలిముద్రల చరిత్ర మనకు తెలియంది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఇదే క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పది పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ప్రాజెక్టుగా వేశారు. వాళ్లలో ఆదివాసీ, దళిత హాస్టల్ పిల్లలు ఎంతోమంది. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడి 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 చోట్ల హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఆ టీకా జబ్బును అడ్డుకుంటుందనేది రుజువైన సంగతే, మేము టీకాకు వ్యతిరేకం కాదు. మంచి మందయినా సరే, చెప్పకుండా ఇచ్చే హక్కు ఎవరికీ లేదనేదే మా మాట. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు కూడా, తగినంత సమాచారం ఇచ్చాక తీసుకున్నదే అంగీకారమని చెప్పింది. 2018లో జాతీయ మానవహక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మొదటి హక్కు సమాచారం పొందే హక్కే.

సముద్రం అవతల మన అన్నదమ్ముల అనుభవం కూడా ఇదే. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీకి ఇదే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు నల్లవాళ్ల వార్డులో వుంచి రేడియం పెట్టారు. అడక్కుండా ఆమె కణాలు తీసుకున్నారు. అవి ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో బతికున్నాయి. ఆమె ముప్పై ఒకటో ఏట పోయింది. ఆ చికిత్సతో ఇక పిల్లలు పుట్టరనే సంగతి ఆమెకు ముందు తెలియదని ఆమె జీవితం మీద వచ్చిన పుస్తకం రాసింది. మన దగ్గర మాత్రం ఎంతమందికి తెలుసు? కడుపు కింద కరెంటు పెడితే అండాశయాలు పనిచేయటం ఆగిపోతుంది, ముట్లు ఆగిపోతాయి, ఒళ్లు వేడి ఆవిర్లు వస్తాయి. ముప్పై ఏళ్ల స్త్రీకి ఇది మొదటిరోజే చెప్పాలి, ముగిసిన తర్వాత కాదు.

చికిత్స పూర్తయిన ఇద్దరు స్త్రీలను కూర్చోబెట్టుకుని, కొత్తగా వచ్చేవాళ్లకు వాడలో చెప్పినట్టు చెప్పండని అడిగాం. వాళ్లు చెప్పింది విని, డాక్టరమ్మ ఒకరితో సరిచూయించి, ఇలా రాసుకున్నాం:

‘అక్కా, నీ గర్భసంచి మూతి దగ్గర పుండు వుంది. దాన్నే క్యాన్సర్ అంటరు. నీ తప్పుతోని రాలేదు, పాపంతోని రాలేదు. ఐదు వారాలు రోజూ పెడతరు, శని ఆదివారం వుండదు. మిషన్ సప్పుడు చేస్తది, నిన్ను ముట్టదు, మంట వుండదు. కదలకుండ పండుకో, ఊపిరి మామూలుగనే తీసుకో. నెత్తి వెంట్రుకలు ఈ కరెంటుకు వూడవు. రెండు మూడు వారాలకు రక్తం ఆగుతది, ఆగిందని ఇంటికి పోకు. నీరసమొస్తది, కడుపు కదులుతది, తోలు నల్లబడతది. చెప్పు, దాచుకోకు. మందు వుంది. అయిపోయినంక కూడ వారం పది రోజులు బాధ పెరుగుతది, భయపడకు, తర్వాత తగ్గుతది. పోరగాండ్లను ఎత్తుకో. నీ గ్లాసు వేరే పెడితే నన్ను పిలువు, నేనొచ్చి చెప్తా.’

ఇదంతా ఒక్కసారే చెప్పకూడదని కూడా వాళ్లే అన్నారు. మొదటిరోజు జబ్బు పేరు విన్న మనిషి చెవిలోకి ఏదీ పోదు. అందుకే కొలత తీసేరోజు కొంత, రెండోవారం కొంత, ఆఖరిరోజు కొంత చెప్పాలి. సెల్‌ఫోన్లో ఇదే గొంతు రికార్డు చేసి ఇస్తే ఇంటికాడ మొగుడు, కోడలు కూడా వింటారు. అచ్చేసిన కాయితం కంటే ఇదే నయమని మేమూ అనుకుంటున్నాం.

ఒక్కచోట మాత్రం చాలాసేపు ఆగిపోయాం. చికిత్స తర్వాత లోపలి దారి బిగుసుకుపోతుంది, ఎండిపోతుంది. మూసుకుపోకుండా డాక్టరు చెప్పిన రోజునుంచి డైలేటర్ అనే గొట్టాన్ని నూనెలాంటి జెల్ రాసి వాడాలి, లేకపోతే తర్వాత పరీక్ష చేయటం కూడా కష్టమవుతుంది. మొగుడితో కలవటం గురించి కూడా చెప్పాలి. మానేవరకు ఆగాలి, ఆ తర్వాత తప్పులేదు, క్యాన్సర్ అతనికి అంటదు. ఇది తెలియకే ‘ఇంక నువ్వెందుకు పనికొస్తవ్’ అని వదిలేసిన మొగుళ్లున్నారు. దీన్ని భార్యకు వేరుగా, భర్తకు వేరుగా, ఇద్దరికీ కలిపి చెప్పాలి. కానీ ఏ మాటతో చెప్పాలి? యోని అంటే వాళ్లకు తెలియదు, అది పుస్తకంలో మాట. వాడలో వున్న మాట తిట్టు. వాళ్లమీద దొరలు, మేస్త్రీలు వాడిన తిట్టు. మేము రాసుకొచ్చిన మాటలు నాలుగైదు చదివాం, ఇద్దరూ తల అడ్డంగా వూపారు. కాసేపటికి పెద్దామె, ‘బిడ్డలొచ్చే తొవ్వ అని రాయండి, సిగ్గేముంది’ అంది. అలాగే రాశాం.